తెరమీది బొమ్మలు – వెనుక వరుస

గత మాసమున నీ పుటలో పాత పట్టుచీరలను మడతలు చెడకుండ దాచు విధమును ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వానికంటెను సుకుమారమైన వస్తువును గుఱించి వ్రాయుచున్నాను. అవి మన యిండ్లలోని ఫోటోలు. వానిని నలుగురి యెదుట తెరమీద చూపు పద్ధతి.

ఇప్పుడు షష్టిపూర్తి కానిండు, వివాహము కానిండు, ఉపాధ్యాయుని పదవీవిరమణసభ కానిండు, పోయిన పెద్దలను తలచుకొను సభ కానిండు, మందిరములో నొక మూల తెల్లని తెరయో వెలుగుల గోడయో లేకుండ కార్యము జరుగుట యరుదు. దానిమీద బొమ్మలు వచ్చుచు పోవుచు నుండును. క్రింద కూర్చున్నవారు వంటకములను గుఱించి మాటలాడుకొనుచుందురు. ఆ బొమ్మలను కూర్చు పనిని తఱచుగా నింటి యాడుపిల్లకో కోడలికో యప్పగింతురు. అదియు రెండు దినములు ముందుగా. "నీకు ఫోను బాగుగా వచ్చును గదా" యని. ఇట్టి స్థితిలోనే యున్న సోదరి యొకరు తమ మామగారి షష్టిపూర్తికి బొమ్మల నెట్లు కూర్పవలెనని నాకు వ్రాసిరి. వారికి వ్రాసిన ప్రత్యుత్తరమునే కొంత పెంచి యిచ్చట నుంచుచున్నాను.

ఈ విద్యలో నాకు మొదటి గురువు యంత్రము గాదు, భవభూతి. మా తండ్రిగారు నాకు ఉత్తరరామచరితమును చెప్పినప్పుడు ప్రథమాంకములోని చిత్రదర్శనమునకే పెక్కు దినములు పట్టెను. ఎనిమిదవ శతాబ్దమునాటి యాకవి కల్పించిన సన్నివేశ మిది: పట్టాభిషేకమైన పిదప జనకుడు మిథిలకు మరలిపోగా గర్భవతియైన సీత దిగులు పడియుండును. అప్పుడు లక్ష్మణుడు వచ్చి, రామచరితమును చిత్రకారుడు చిత్రించి యుంచినాడు, చూడ రండని పిలుచును. ముగ్గురును బొమ్మనుండి బొమ్మకు కదలుచు చూతురు. చూపువాడు లక్ష్మణుడు, చూచువారు సీతారాములు, బొమ్మలలోనివారును వారే. నేటి షష్టిపూర్తి తెరకు నింతకంటె సరియైన పోలిక నాకు దొరకలేదు.

అందులో పెండ్లి బొమ్మ వచ్చును. లక్ష్మణుడు వదినెను చూపును, మాండవిని చూపును, శ్రుతకీర్తిని చూపును, అంతటితో నూరకుండును. ఆ ప్రక్కనున్న యామె యెవరని సీత చిఱునవ్వుతో నడుగును. ఆమె ఊర్మిళ, లక్ష్మణుని భార్య. అతడు సిగ్గుపడి, మాట మరలించి, పరశురాముని బొమ్మకు దాటిపోవును. తన పెండ్లి బొమ్మలోనే ఊర్మిళ యిట్లు దాటవేయబడినది. సీత యడుగకున్నచో నామె యందు నిలిచియున్న సంగతియే మనకు తెలియకపోవును. కవి యొక్క పలుకుతో విడిచిన యాయమ్మను మన తెలుగు స్త్రీలు విడువలేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' యను పాటగా కట్టుకొని తరతరములు పాడుకొనిరి.

లక్ష్మణుడు తెలిసి దాటవేసెను. నేటి తెరమీద దాటవేయుచున్నది యంత్రము. దాటినట్లు కూర్చినవారికే తెలియదు. ఇందులకు నేను కన్నులార చూచిన నిదర్శన మొకటి కలదు.

2023వ సంవత్సరమున మా వారి మేనమామగారికి సహస్రచంద్రదర్శనోత్సవము జరిగెను. మనుమలు మిక్కిలి యుత్సాహముతో 240 ఫోటోలను కూర్చి 12 నిమిషములలో చూపిరి. లెక్క వేసికొనుడు, ఒక్కొక్క బొమ్మకు 3 సెకనులు. అందులో 1969వ సంవత్సరపు కుటుంబచిత్ర మొకటి కలదు. ఆ దినములలో 120 నంబరు ఫిల్ముతో తీసిన ఫోటోలు పెక్కులు చదరముగా నుండెడివి, ఇదియు నట్టిదే. మగవారు కుర్చీలలోను, పిల్లలు నేలమీదను కూర్చుండిరి. ఆడువారు వెనుక నిలిచిరి. ఫోటో చదరము, తెర యడ్డముగా వెడల్పు. తెర నింపుమని యంత్రమున కాజ్ఞ యిచ్చిరి, అది నింపినది. నింపుటకై పైనను క్రిందను కోసివేసినది. కుర్చీలవారు నిండుగా కనబడిరి. వెనుక నిలిచిన నలుగురు స్త్రీలకును తలలు లేవు.

ఆ నలుగురిలో నొకరు మేనమామగారి యక్కగారు, నాకు పెద్దత్తగారు. అప్పటికి వారికి తొంబదియేండ్లు. చిన్నతనముననే భర్త పోగా తమ్ముని యింటికి వచ్చి, ఆ యింటి పిల్లల నందఱిని పెంచిరి. పడుచుదనమున వారికి తీసిన ఫోటో యదియొక్కటియే. ముందు వరుసలో కూర్చున్న యామె ప్రక్కనున్న మనుమరాలివంక తిరిగి, "ఏమే చిట్టీ, ఆ వెనకాల నేనుండాలి కదే?" అని యడిగిరి. అప్పటికే మఱి రెండు బొమ్మలు వచ్చి పోయినవి.

ఆ రాత్రి యింటికి వచ్చిన పిదప నా మనుమరాలే అదే ఫోటోను కోత లేకుండ టీవీ తెరమీద నిలిపి, పెద్దత్తగారిని దానియెదుట కూర్చుండబెట్టినది. అరగంట గడచెను, బొమ్మ మాఱలేదు. ఆ కుర్చీలు పొరుగింటినుండి తెచ్చినవట. పెద్దకోడలి మెడలోని గొలుసు ఆమెది కాదట, ఫోటోకొఱకు తోడికోడ లిచ్చినదట. తన ప్రక్కన నిలిచిన చిన్నకోడలప్పటికి నిండుచూలాలట, మఱుసటి నెలలో పురిటిలో పోయినదట, బిడ్డ దక్కినాడట. ఆ బిడ్డ యిప్పుడు ఏబది నాలుగేండ్ల వయస్సువాడు, గుమ్మమునొద్ద నిలిచి వినుచున్నాడు. తల్లి ముఖమును ముద్దుచెక్క ప్రమాణమున గాక యంత పెద్దదిగా నాతడు చూచుట యదియే మొదటిసారి. పగలు మందిరములో నామెకును తల లేదు.

పిల్లలకు ప్రేమ తక్కువయై యిట్లు జరుగలేదు. కోత యెంతయో లెక్క చూడకపోవుటచే జరిగినది. ఆ లెక్క కష్టమైనది కాదు. నేటి తెరలు చాలవఱకు 16 పాళ్ళ వెడల్పునకు 9 పాళ్ళ యెత్తు కలవి. చదరపు ఫోటోతో దానిని నింపినచో నూటికి 44 పాళ్ళు కోతకు పోవును. 4కు 3 పాళ్ళ ఫోటోలో నాలుగవ వంతు పోవును. 3కు 2 పాళ్ళ ఫోటోలో నించుమించుగా నాఱవ వంతు. ఫోనును నిలువుగా పట్టి తీసిన పొడుగు ఫోటో యైనచో మూడింట రెండు వంతులకు మించి పోయి, ఒక నడుమో మెడయో మిగులును. కోతకు మొదట గుఱియగునది బొమ్మ యంచు. మన పాత ఫోటోలలో నంచున నెవరుందురో మీరే యెఱుగుదురు: వెనుక వరుస కోడండ్రు, కొసను నిలిచిన విధవలు, బిడ్డ నెత్తుకొని తలుపుచాటున నున్న పనిమనిషి.

కాబట్టి సోదరికి నేను చెప్పిన మొదటి మాట: బొమ్మను తెరలో ఇముడ్పుడు, తెరను బొమ్మతో నింపకుడు. ఏ సాధనముతో కూర్చినను ఈ రెండు ఆజ్ఞలును వేఱువేఱుగా నుండును, చూచి యెన్నుకొనవలెను. ఇమిడ్చినప్పుడు ప్రక్కల నల్లని ఖాళీ మిగులును. దానిని చూచి వెలితి యనుకొనవలదు. గోడమీది పటమునకు చుట్టు ఖాళీగోడ లేదా? ఆ ఖాళీని పూలతీగెలతోను, అదే బొమ్మను మసకచేసి వెనుక పఱచుటతోను నింపుట నాకు రుచింపదు. గుండ్రని చట్రములు, హృదయాకారపు చట్రములు, ముందే కట్టియుంచిన వీడియో అచ్చులు కోతలో మఱింత నిర్దయగలవి. వానిలో బొమ్మను పోసినపుడు ఒక్కొక్క బొమ్మను విప్పి చూచుకొనవలెను. బొమ్మ పరిమాణమును మార్చునపుడు మూలను పట్టి లాగవలెను. ప్రక్కను పట్టి లాగినచో మనుష్యులు అప్పడములవలె వెడల్పగుదురు.

నిలువుబొమ్మలు రెండింటికి సంబంధ మున్నచో ప్రక్కప్రక్కన నుంచవచ్చును; పెండ్లినాటి దంపతులు, నేటి దంపతులు. సంబంధము లేనివానిని స్థలము మిగిలినదని జతపఱుపరాదు. ఒక తెరమీద తొమ్మిది బొమ్మలను గళ్ళుగా పేర్చుటయు నిప్పుడు వాడుకలో నున్నది. కడపటి వరుసలోని ముసలివారి కవి తొమ్మిది తపాలాబిళ్ళలు.

నేపథ్యమునకు నలుపు మేలనుటకు కారణము చెప్పెదను. మందిరములలోని వెలుగుల గోడ చిన్నచిన్న దీపముల సముదాయము. తెల్లని నేపథ్యము వేసినచో కన్నులు చెదరి ముఖములు కానరావు. ప్రొజెక్టరు సంగతి వేఱు. అది వెలుగునే గాని నలుపును పంపజాలదు. మనము నలుపనుకొనునది వెలుగు పడని తెర రంగే. కావున పట్టపగలు గదిలో దీపము లన్నియు వెలుగుచుండగా చూపిన పాత ఫోటో పాలలో ముంచినట్లుండును. తెర దగ్గఱి దీపములను మాత్రమార్పించి తక్కినవానిని వెలుగనిండు. గది యంతయు చీకటి చేసినచో పెద్దవారు మెట్లు కానక పడుదురు.

పాత ఫోటోలకు రంగులద్దుట, మాసిన ముఖములను యంత్రబుద్ధిచే తేరునట్లు చేయించుట యిప్పుడు క్షణములో నగుచున్నవి. మాపు తుడుచుట వఱకు నా కభ్యంతరము లేదు. కాని యంత్రమునకు మీ యమ్మమ్మ ముక్కు తెలియదు. మాసినచోట నది వెదకి తెచ్చునది లేదు, ఊహించి గీయునదే కలదు. ఒకొకప్పుడు వేఱొక ముఖము తయారగును. చీర రంగును నదియే యూహించును. తెల్లచీరతో బ్రతుకంతయు గడపిన యామెకు నెఱ్ఱచీర కట్టించిన బొమ్మను తెరమీద వేసినచో, చూచువారు నవ్వుదురా, ఏడ్తురా? తప్పక చూపవలెనన్నచో అసలు ఫోటోను ముందు చూపి, పిదప దీనిని యంత్రము తీర్చినదని చెప్పి చూపవలెను.

ఇక నెన్ని బొమ్మలు, ఎంతసేపు? సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పటములను మీలో కొందఱు చూచియుందురు. మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు గల గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల యంబలియు పూసి గట్టిపఱచి, ఎఱ్ఱని నేపథ్యముమీద కథను గళ్ళుగళ్ళుగా నకాషీలు చిత్రింతురు. కథకులు దానిని వ్రేలాడదీసి, ఒక్కొక్క గడిని విప్పుచు, పుల్లతో చూపుచు పాడుదురు. పద్మశాలీల యెదుట మార్కండేయ పురాణమును చెప్పునప్పుడు ఆ గడిలోని కథ ముగియువఱకు తరువాతి గడి తెఱువబడదు. బొమ్మ కథకుని చేతిలో నున్నది, కథకుడు బొమ్మ చేతిలో లేడు.

సీమవారి యంత్రములును మొదట నిట్లే యుండెడివి. దీపపు వెలుగును కటకముగుండ పంపి గాజుపలకమీది బొమ్మను గోడమీద పెద్దదిగా చూపు మాయాలాంతరు 1659 నాటికే హాలెండు శాస్త్రజ్ఞుడగు క్రిస్టియాన్ హైగెన్స్ చేతిలో నుండెను. పలకను చేతితో మార్చవలెను. 1961లో కొడాక్ వారు తెచ్చిన కారొసెల్ అను యంత్రమునకు గుండ్రని పళ్ళెము కలదు. అందులో 80 బొమ్మలు పట్టును. పళ్ళెము నిండిన పిదప ఎనుబది యొకటవ దానికి చోటు లేదు, కావున నేదో యొకటి తీసివేయవలెను. అట్లు తీసివేయుటలోనే యెన్నిక యలవడెను. వారు 2004లో నట్టి యంత్రముల తయారీని మానివేసిరి. 1987లో మొదట వెలువడిన పవర్‌పాయింటునకు గాని, మన ఫోనులకు గాని పళ్ళెము లేదు. అందుచే మనమే పళ్ళెమును కల్పించుకొనవలెను.

పది నిమిషములకు 40 బొమ్మలు చాలునని నా యభిప్రాయము. అందులోను సమముగా పంచరాదు. ఒక్కరున్న బొమ్మకు 7, 8 సెకనులు చాలును. పదునైదుగురున్న బొమ్మకు, చూచువా రొక్కొక్కరును తమ వారిని వెదకికొనవలెను గదా, అరనిమిషమైనను కావలెను. అందుచే గడియారముచే తనంతట తాను కదలు నేర్పాటు నాకు నచ్చదు. ఒక రెవరైనను మీట పట్టుకొని, సభవారి ముఖములను చూచుచు కదల్పవలెను. బొమ్మ గిరగిర తిరుగుచు వచ్చుట, పగిలి ముక్కలై పోవుట వంటి వింతలు సంతలో బాగుండును. మెల్లగా నొకటి మాసి మఱొకటి తేలుట చాలును.

బొమ్మ క్రింద వ్రాత యెంత తక్కువ యుండిన నంత మేలు: ఊరు, సంవత్సరము, పేరులు. తక్కినది యొకరు నోట చెప్పవలెను. చెప్పువారు తెరవైపు తిరిగి వ్రాతను చదువుట కంటె చెప్పకుండుట మేలు. మా వారు పాఠశాలలో నాకు యొక్క అడ్డుకోతను పెద్దతెరమీద చూపునపుడు మొదట నేమియు చెప్పరు. పిల్లలు తమంతట చూచి యడుగువఱకు నాగుదురు. చెప్పవలసివచ్చినప్పుడు కంప్యూటరుమీది బి అక్షరపు మీటను నొక్కుదురు. పవర్‌పాయింటులో నట్లు నొక్కిన తెర నల్లబడును. మఱల నొక్కిన బొమ్మ వచ్చును. తెర నల్లబడగానే కన్నులన్నియు చెప్పువారిమీదికి మఱలును. ఇది షష్టిపూర్తి సభకును పనికివచ్చు నుపాయము. వేదికమీద నెవరైన పెద్దలు మాటలాడుచుండగా వెనుక బొమ్మలు కదలుచుండుట వారికి మర్యాద కాదు.

ఇంతవఱకు నెవరిని పోగొట్టుకొనరాదో చెప్పితిని. ఎవరిని చూపరాదో చెప్పుట దానికంటె కష్టము. మఱల భవభూతి చిత్రములకే పోవుదము. లక్ష్మణుడు మొదటనే, ఈ చిత్రములు వదినెగారి యగ్నిశుద్ధి వఱకు నున్నవని చెప్పును. ఆ మాటకే రాముడు నొచ్చుకొనును. ఏ బొమ్మ యెవరిని నొప్పించునో చూపువాడు ముందు యోచింపలేదు. పిదప మంథర బొమ్మ వచ్చినప్పుడు రాముడు మాఱుపలుకక తరువాతి బొమ్మను చూపును. కైకేయి కథను తలపెట్టకుండుటకే యని లక్ష్మణుడు గ్రహించును. ఊర్మిళను దాటుటకును మంథరను దాటుటకును భేద మెంత! ఒకటి యున్నవారిని లేనట్లు చేయుట. రెండవది పోయిన తగవును మఱల లేపకుండుట.

మన యిండ్లలోను మంథర బొమ్మ లుండును. విడిపోయిన కూతురి పెండ్లిఫోటోలు, ఆస్తితగవునకు ముందు సోదరులు భుజములమీద చేతులు వేసికొనిన ఫోటో, పసితనమున స్నానము చేయించుచు తీసిన యాడుపిల్ల ఫోటో. ఆ పిల్ల యిప్పుడు అత్తవారి యెదుట కూర్చున్నది. ఆమెకు నవ్వులాట కాదు. నా పద్ధతి యేమనగా, బ్రతికియున్నవారి బొమ్మను వారి నడిగి వేయుట. కూతురు తన పెండ్లిఫోటోలు వలదన్నచో, ఆమెయున్న వేఱు బొమ్మ నొకదానిని తప్పక వెదకి వేయవలెను. పెండ్లిఫోటోలతోపాటు కూతురే లేకుండ పోయినచో నూర్మిళ గతి పట్టించినవార మగుదుము.

పోయినవారి బొమ్మలను గుఱించియు నొక మాట. శూర్పణఖ బొమ్మను చూచి సీత నిజముగా వెఱచి, ఎడబాటు మఱల వచ్చినట్లు పలుకగా, ఇది బొమ్మయే సుమా యని రాము డోదార్చును. కొంతసేపటికి రాముడే యోర్వలేక యిక చాలింపుమని లక్ష్మణుని వేడుకొనును. కట్టుకథ యని తెలిసినవారి సంగతియే యిట్లుండగా, భర్త పోయి యేడాదియైన నిండని యామె యెదుట, పాట నడుమ, ఆయన నవ్వుముఖమును హఠాత్తుగా పదియడుగుల యెత్తున నిలుపవచ్చునా? ముందుగా నింటివద్ద నొకసారి యామెకు చూపుడు. ఏ వరుసలో వచ్చునో చెప్పి యుంచుడు. ఆమె తీయుమన్నచో తీయుడు, ఉంచుమన్నచో నుంచుడు. ఆమె యెదుట చూచుకొనదలచిన బొమ్మ మీరనుకొనినది కాకపోవచ్చును.

పనిలోని చిల్లర సంగతులు కొన్ని మిగిలినవి. పాత ఫోటోలను ఫోనుతో తీయునపుడు ఎండ నేరుగా పడని కిటికీకడ బల్లమీద పఱచి, ఫోను నొరగనీక సమముగా పట్టి, ఫ్లాషు లేకుండ తీయవలెను. పటముకట్టిన ఫోటో యద్దమున కంటుకొని యున్నచో నూడబెఱుకరాదు. రంగు అద్దముతో పోవును. అద్దముమీదనే ప్రక్కవెలుగులో తీయుడు. స్కానరు దొరకినచో మూడంగుళముల చిన్న ఫోటోను అంగుళమునకు 600 చుక్కల చొప్పున తీయుడు. 300 చొప్పున తీసిన 900 చుక్కలే వచ్చును, తెర యెత్తు 1080 చుక్కలు, చాలదు. బంధువులు వాట్సాపులో పంపు ఫోటోలు తఱచుగా దారిలో చిక్కిపోవును. వానిని డాక్యుమెంటుగా పంపుమనవలెను.

తెలుగు వ్రాతయందు మఱియొక చిక్కు. మీ కంప్యూటరులో నందముగా నున్న యక్షరములు మందిరమువారి కంప్యూటరులో డబ్బాలుగా మాఱవచ్చును, లేదా వత్తులు విడిపోయి తాతగారి పేరు వేఱొక పేరగును. ఆ లిపి వారియొద్ద లేకపోవుటయే కారణము. విండోసులో నిర్మల యను లిపి దానితోనే వచ్చును. దానిని వాడినచో భయము తక్కువ. లేదా యంతయు పీడీఎఫ్‌గా మార్చి యొక ప్రతిని పెన్‌డ్రైవులో నుంచుకొనుడు. ముందురోజు సాయంకాలము మందిరమునకు పోయి, అదే తెరమీద, అదే దీపములతో నొకసారి వేసి, కడపటి వరుసలో కూర్చుండి చూడుడు. అచ్చటినుండి చదువరాని వ్రాతను పెద్దది చేయుడు, లేదా తీసివేయుడు.

పాట యేది పెట్టవలెనని సోదరి కడపట నడిగిరి. ఎవరైనను బొమ్మలను గుఱించి చెప్పుచున్నంతసేపు పాట వలదు. భోజనముల వేళ, చెప్పువారు లేనప్పుడు, వీణయో సన్నాయియో మెల్లగా నుండవచ్చును. అప్పుడు నలువది బొమ్మలను మఱల త్రిప్పుటకంటె కుటుంబమంతయు నున్న చిత్రమొకదానిని కోత లేకుండ తెరమీద నిలిపియుంచుడు. చేయి కడుగుకొని వచ్చువారు నిలిచి చూతురు. దగ్గఱ నొక కాగితమును పెన్సిలును నుంచి, వారు చెప్పు పేరులను వరుసవారీగా వ్రాయించుడు. వెనుక వరుసనుండి మొదలుపెట్టుడు.